స్కూబా కోర్సులో పూల్ పాఠాలకు కోత వద్దు

సంపాదకులకు నమస్కారం.

సెలవులు దగ్గరపడితే చాలు, అండమాన్, గోవా, మురుడేశ్వర్, మన రుషికొండ పేర్లతో స్కూబా డైవింగ్ కథనాలు పత్రికల్లో వరసకడతాయి. ఫొటోలు బాగుంటాయి, ధరలూ రాస్తారు. అరగంట సరదాకూ అసలు కోర్సుకూ ఉన్న తేడా మాత్రం ఎక్కడో గాని కనబడదు. దాంతో ఒకసారి దిగొచ్చినవాళ్లు స్కూబా వచ్చేసిందనుకుంటున్నారు. కోర్సులో చేరినవాళ్లేమో పూల్‌లో గడిపే గంటలు దండగనుకుని ‘తొందరగా సముద్రానికి తీసుకెళ్లండి సార్’ అని పోరుతున్నారు. నేర్పేవాళ్లలో కొందరు ఆ పోరుకు తలొగ్గుతున్నారు కూడా. డైవింగ్ నేర్పే పనిలో ఉన్నవాడిగా నా అభ్యంతరం దీని మీదే.

పర్యాటకులకు చేయించే పరిచయ డైవ్‌లో శిక్షకుడు వెనక నుంచి మీ సిలిండర్ పట్టుకుని నడిపిస్తాడు. నీళ్లలో తేలడానికి తొడిగే జాకెట్‌లోకి గాలి నింపే బటన్, తీసే బటన్ రెండూ అతని చేతిలోనే ఉంటాయి. లోతు 12 మీటర్లు దాటదు. డైవర్‌గా తొలి అర్హత ఇచ్చే ఓపెన్ వాటర్ కోర్సు సంగతి వేరు. మూడు నాలుగు రోజులు పడుతుంది: తరగతి, పూల్, ఆ తర్వాత సముద్రంలో 4 డైవ్‌లు. పాసైతే శిక్షకుడు పక్కన లేకుండా, తోడు డైవర్‌తో 18 మీటర్ల దాకా దిగే అర్హత వస్తుంది. పదేళ్లు నిండిన పిల్లలు చేరవచ్చు, కాకపోతే పది, పదకొండేళ్లవాళ్లకు 12 మీటర్లే హద్దు. పాడీ (డైవర్లకు శిక్షణ, అర్హత కార్డు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ) ప్రమాణాల ప్రకారం 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, లేదా మాస్క్, స్నార్కెల్ (నీటి మీద ఊపిరి తీసే గొట్టం), ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు) పెట్టుకుని 300 మీటర్లు. వేగం ఎవరూ చూడరు. ఆపైన 10 నిమిషాలు ఏ ఆసరా లేకుండా నీటి మీద తేలాలి.

మన దగ్గర మంచి ఈతగాళ్లలో చాలామంది బావుల్లో, చెరువుల్లో, కాలవల్లో నేర్చుకున్నవాళ్లే. వాళ్లకు 200 మీటర్లు ఒక లెక్క కాదు. చిక్కు ఇంకోచోట వస్తుంది. మునకేసే ముందు గుండెలనిండా గాలి పీల్చి బిగబట్టడం వాళ్లకు చిన్నప్పుడే వంటబట్టిన అలవాటు. స్కూబాలో మొదట మాన్పించాల్సింది దాన్నే. బావిలో మునిగినవాడి ఊపిరితిత్తుల్లో ఉన్నది గట్టు మీద పీల్చిన గాలి. లోతుకు వెళ్తే అది నలుగుతుంది, పైకి వస్తే మళ్లీ ముందున్నంత అవుతుంది, అంతకు మించి పెరగదు. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ అలా కాదు, మనం ఉన్న లోతులో ఎంత పీడనం ఉందో అంత పీడనంతో గాలి అందిస్తుంది. 10 మీటర్ల దగ్గర పీడనం ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. అక్కడ 6 లీటర్ల గాలి పీల్చి బిగబట్టి పైకొస్తే, నీళ్లపైకి వచ్చేసరికి అది 12 లీటర్లు కావాలి. ఊపిరితిత్తుల్లో అంత చోటు లేదు. లోపలి పొరలు చిరిగి, గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడు దాకా పోవచ్చు. ఇదేదో నడిసముద్రం సంగతి అనుకోకండి. నిండు ఊపిరి బిగబట్టి ఒకటింబావు మీటరు లోతు నుంచి లేచినా ఈ దెబ్బ తగలవచ్చు, అంటే పూల్‌లో కూడా. అందుకే రెగ్యులేటర్ నోట్లో ఉన్నంతసేపూ పీలుస్తూనో వదులుతూనో ఉండాలి. అది నోట్లో లేని ప్రతి క్షణమూ పెదాల మధ్య నుంచి సన్నగా బుడగలు వదులుతూ ఉండాలి. ఇది చెబితే వచ్చేది కాదు, చేసిందే చేయగా చేయగా అలవాటవుతుంది.

ఎక్కువమంది బెదిరేది మాస్క్ దగ్గర. మాస్క్‌లోకి నీళ్లు రావడం మామూలు విషయం. మీసం ఉన్నవాళ్లకు మరీను: పై పెదవి మీద వెంట్రుకల సందుల్లోంచి నీరు కారుతూనే ఉంటుంది. ముక్కు కింద సన్నటి గీత మేర మీసం గీసేసుకున్నా, సిలికాన్ గ్రీజు పలచగా రాసినా సరిపోతుంది. నుదుటి మీది జుట్టు అంచు కింద చిక్కుకోకుండా చూసుకోవాలి. కొత్త మాస్క్ అద్దం మీద తయారీలో అంటుకున్న పొర ఉంటుంది. తెల్లటి టూత్‌పేస్టుతో లోపలివైపు రెండు మూడుసార్లు రుద్ది కడిగితే పోతుంది. అది పోకపోతే ఎంత ఉమ్మి రాసినా అద్దం మసకబారుతూనే ఉంటుంది.

అయితే మాస్క్ పాఠంలో అసలు కిటుకు ముక్కులో ఉంది. ముక్కు నీళ్లలో తడుస్తుండగా నోటితో మాత్రమే పీల్చడం శరీరానికి కొత్త. ఆ నేర్పు రానివాడి ముక్కులోకి రెండు చుక్కలు పోయినా పొలమారి, రెగ్యులేటర్ ఊడబీకి పైకి పరిగెత్తబోతాడు. పైన చెప్పిన ఊపిరితిత్తుల దెబ్బకు దారి అదే. కాబట్టి నడుము లోతు నీళ్లలో, మాస్క్ లేకుండా, రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, ముఖం ముంచి ఒకటి రెండు నిమిషాలు ఊపిరి తీసుకోవడంతో మొదలుపెట్టాలి. ఇది తేలికయ్యే వరకు ముందుకు పోకూడదు. తర్వాత మాస్క్ పెట్టుకుని, పై అంచును వేలితో కాస్త ఎత్తి పావు వంతు నీళ్లు రానిచ్చి బయటికి పంపాలి. ఆ తర్వాత సగం, ఆ తర్వాత నిండా. పంపే వరస ఇది: చూపు ఎదురుగా, ఫ్రేము పై భాగం వేళ్లతో నొసటికి ఒత్తి, ముక్కుతో మెల్లగా గాలి వదలడం మొదలుపెట్టాలి. గాలి వదులుతుండగానే తల పైకెత్తాలి. లోపలి గాలి పైకి చేరి, నీటిని కింది అంచు నుంచి తోసేస్తుంది. చాలామంది తల ముందెత్తి తర్వాత గాలి వదులుతారు, అప్పుడు నీళ్లు తిన్నగా ముక్కులోకే పోతాయి. ఇంకొందరు ముక్కుతో వదులుతున్నామనుకుంటూ నోటితో వదులుతుంటారు. రెగ్యులేటర్ దగ్గర బుడగలు వస్తుంటాయి, మాస్క్‌లో నీటిమట్టం ఉన్నచోటే ఉంటుంది. అలాంటివాళ్లకు ‘మ్...’ అని కూనిరాగం తీయమని చెబితే చాలు, గాలి దానంతటదే ముక్కులోంచి వస్తుంది. కోర్సు ప్రమాణం ప్రకారం పూల్‌లోనే మాస్క్ లేకుండా కనీసం 15 మీటర్లు ఈది, మళ్లీ తొడుక్కుని, నీళ్లు ఖాళీ చేసి చూపించాలి. ‘సముద్రంలో చేయిద్దాంలే’ అని ఎవరైనా దాటవేస్తే ఒప్పుకోకండి.

రెగ్యులేటర్ నోట్లోంచి జారితే దొరకబుచ్చుకోవడం దాంతో పోలిస్తే సులువు. కుడివైపుకు ఒరిగి, కుడిచేతిని తొడకు ఆనించి, వెనకగా సిలిండర్ అడుగు దాకా పోనిచ్చి, అక్కడి నుంచి చాచి ముందుకు తిప్పితే గొట్టం చేతి మీదికి వస్తుంది. నోట్లో పెట్టుకున్నాక ఒక్క ఊదుతో లోపలి నీళ్లు పోతాయి. ఊదడానికి ఊపిరి మిగలకపోతే నాలుకను అంగిటికి ఆనించి ముందున్న బటన్ నొక్కాలి. మొదటి ఊపిరి మెల్లగా తీయాలి. తలకిందులుగా పెట్టుకుంటే గాలి బయటికి పోయే వాల్వు పైకి వచ్చి, ప్రతి ఊపిరికీ ఉప్పునీళ్లు తగులుతాయి. రెగ్యులేటర్ పాడైందని కంగారుపడేవాళ్లలో కొందరి అసలు బాధ ఇదే.

చెవుల పాఠం, అంటే చెవి లోపలి పీడనాన్ని బయటి నీటి పీడనంతో సమానం చేసుకోవడం, నాలుగడుగుల పూల్‌లో రాదు. కనీసం రెండున్నర, మూడు మీటర్ల లోతు ఉండాలి. పైనున్నప్పుడే ఒకసారి, ఆ తర్వాత మీటరు లోపే మళ్లీ మళ్లీ, నొప్పి పుట్టకముందే ముక్కును వేళ్లతో మూసి, ఆ మూసిన ముక్కులోకి మెల్లగా గాలి ఊదాలి. నొప్పి మొదలయ్యాక ఊదితే లాభం లేదు. ఒక మీటరు పైకి వచ్చి, మళ్లీ ప్రయత్నించి, అప్పటికీ కుదరకపోతే ఆ రోజుకు డైవ్ మానేయాలి. బలంగా ఊదితే లోపలి చెవి దెబ్బతింటుంది. కాళ్లు కిందికి, తల పైకి ఉంచి దిగితే కొత్తవాళ్లకు సులువు. జలుబు ఉంటే మాత్ర వేసుకుని దిగుదామనుకోవద్దు. మందు ప్రభావం లోతులో ఉండగా తగ్గితే, పైకి వచ్చేటప్పుడు లోపల చిక్కిన గాలికి దారి దొరకదు. చెవుల్లో ప్లగ్గులు అసలే పెట్టుకోకూడదు.

ఇక బరువుల సంగతి. హడావిడి శిక్షణకు ఆనవాలు పట్టాలంటే ఇక్కడ చూడాలి. మనిషి మునగడం లేదనగానే నడుముకు ఇంకో రెండు కిలోల సీసం తగిలించేస్తారు. మునుగుతాడు, నిజమే. కాని ఆ అదనపు బరువును మోయడానికి జాకెట్‌లో అంత గాలీ నింపాలి. 3 కిలోలు ఎక్కువైతే 3 లీటర్ల గాలి అదనం. 10 మీటర్ల దగ్గర ఉన్న ఆ 3 లీటర్లు 5 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి 4 లీటర్లు, పైకి వచ్చేసరికి 6 లీటర్లు. మీరేమీ చేయకపోయినా అది ఉబ్బుతూ మిమ్మల్ని లాక్కుపోతుంది. గాలి తీసేయాలంటే నిటారుగా ఉండి, ఎడమ భుజం మీది గొట్టం కొసను తలకంటే ఎత్తులో పట్టుకుని బటన్ నొక్కాలి. ఎందుకంటే జాకెట్‌లో గాలి ఎప్పుడూ అన్నిటికంటే ఎత్తయిన చోటే చేరుతుంది. బోర్లా ఈదుతూ నొక్కితే ఏమీ బయటికి పోదు. కంగారులో ఆ బటన్‌కు బదులు నింపే బటన్ నొక్కేవాళ్లూ ఉన్నారు. కళ్లు మూసుకుని తడిమి ఏది ఏదో చెప్పగలిగే దాకా పూల్‌లో సాధన చేయించాలి.

బరువు సరిపోయిందో లేదో చూసే పద్ధతికి ఐదు నిమిషాలు చాలు. కాళ్లు అందని చోట, రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, జాకెట్ పూర్తిగా ఖాళీ చేసి, కాళ్లు ఆడించకుండా నిటారుగా ఉండి, మామూలు ఊపిరి తీసి క్షణం ఆపాలి (నీళ్లపైనే కాబట్టి ఇక్కడ ఆపినా ఫరవాలేదు). నీటిమట్టం కళ్ల దగ్గర ఉండాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. ఊపిరితో ఉండగానే మునిగితే కిలో తీసేయండి, వదిలినా మునగకపోతే కిలో కలపండి. ఈ పరీక్ష సిలిండర్‌లో గాలి 50 బార్ (బార్ అంటే పీడనం కొలమానం) దగ్గర ఉండగా చేయడం మేలు. మామూలుగా ఇచ్చే 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో 200 బార్ నుంచి 50కి వచ్చేసరికి 2 కిలోల గాలి ఖర్చవుతుంది. నిండు సిలిండర్‌తో చూసుకుని ఆ 2 కిలోలు కలపడం మరచిపోతే, డైవ్ చివర్లో 5 మీటర్ల దగ్గర నిలబడలేక పైకి తేలిపోతారు.

బరువు కుదిరాక ఊపిరితోనే తేలడం, దిగడం నేర్చుకోవాలి. బోర్లా పడుకుని, ఫిన్స్ కొసలు మాత్రం నేలకు ఆనించి, బటన్‌ను అర సెకను చొప్పున నొక్కుతూ పోతే ఒక దశలో పీల్చినప్పుడు ఛాతీ లేస్తుంది, వదిలినప్పుడు దిగుతుంది. పీల్చిన వెంటనే లేవదు, ఒకటి రెండు సెకన్లు పడుతుంది. ఆ ఆలస్యానికి ఆగలేక కొత్తవాళ్లు మళ్లీ బటన్ నొక్కేస్తారు. రెండూ కలిసి ఒక్కసారిగా ఎత్తుకుపోతాయి. ఈ ఓపిక పూల్‌లో కుదరనివాళ్లు సముద్రంలో మోకాళ్ల మీద కూలబడి పాఠాలు చేస్తారు. అండమాన్‌లోనో, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవి దగ్గరో అయితే ఆ మోకాళ్ల కింద పగడపు దిబ్బ ఉండవచ్చు. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, విరిచిన ముక్క జేబులో వేసుకున్నా నేరమే.

గాలి లెక్క ఎవరికివారు వేసుకోగలగాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీలుస్తారనుకుందాం. 10 మీటర్ల దగ్గర అది 40 అవుతుంది, 18 మీటర్ల దగ్గర 56. పైన చెప్పిన సిలిండర్‌లో 50 బార్ నిల్వ పక్కన పెడితే వాడుకునేది 1650 లీటర్లు. అంటే 10 మీటర్ల దగ్గర 40 నిమిషాలు, 18 మీటర్ల దగ్గర అరగంట లోపు. దిగేముందు సిలిండర్ పీడనం చూపే మీటరు ముల్లు చూస్తూ నాలుగు ఊపిర్లు తీయాలి. ఊపిరి ఊపిరికీ ముల్లు పడి లేస్తుంటే సిలిండర్ వాల్వు సగమే తెరిచి ఉన్నట్టు. పైన గాలి బాగానే వస్తుంది, లోతుకు వెళ్లాక చాలదు. పూర్తిగా తెరిచి పావు చుట్టు వెనక్కి తిప్పే పాత అలవాటు వద్దు, పూర్తిగా తెరిచి వదిలేయాలి. గాలికి నూనె వాసన వస్తే ఆ సిలిండర్ మార్పించండి.

తోడు డైవర్‌కు గాలి అయిపోతే మన దగ్గర అదనంగా ఉండే పసుపుపచ్చ రెగ్యులేటర్ అందించి, ఒకరి కుడిచేయి ఒకరు గట్టిగా పట్టుకుని కలిసి పైకి రావాలి. మన తీరంలో వానల తర్వాతా, కెరటాలు జోరుగా ఉన్నప్పుడూ నీళ్లు బురదగా మారి చెయ్యి చాచినంత దూరమే కనబడే రోజులుంటాయి. తోడు కనబడకపోతే ఒక్క నిమిషం చుట్టూ వెతికి, ఇద్దరూ ఎవరికివారు నిదానంగా పైకి వచ్చేయాలి. పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లలోపు ఉంటే మంచిది, 18 ఎట్టి పరిస్థితుల్లోనూ దాటకూడదు. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి.

మన పర్యాటకులు తరచుగా తప్పటడుగు వేసేది డైవ్ అయ్యాక. లోతులో ఒంట్లో కరిగిన గాలి ఎత్తుకు పోతే బుడగలు కట్టవచ్చు కాబట్టి డైవ్ తర్వాత విమానం ఎక్కకూడదని కొందరికైనా తెలుసు: ఒక్క డైవ్ అయితే 12 గంటలు, రోజుకు రెండు మూడో, వరసగా కొన్ని రోజులో దిగితే 18 గంటలు ఆగాలి. ఆ జాగ్రత్త ఎత్తును బట్టి గాని వాహనాన్ని బట్టి కాదు. 600 మీటర్లు దాటిన ఎత్తుకు ఎలా వెళ్లినా వర్తిస్తుంది. అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనే ఉంది, ఘాట్ రోడ్డు ఇంకా పైకి పోయి దిగుతుంది. పొద్దున రుషికొండలో డైవ్, సాయంత్రానికి అరకు అని ప్యాకేజీ వేసుకోవడం, డైవ్ కాగానే విమానం ఎక్కడంతో సమానం. లంబసింగికీ ఇదే వర్తిస్తుంది. గోవాలో డైవ్ చేసి ఆ రాత్రే బెళగావి మీదుగా హైదరాబాద్ బస్సెక్కేవాళ్లూ 700 మీటర్లు దాటిన పీఠభూమి ఎక్కుతున్నారు. అరకు ముందు రోజు చూసేసి, డైవ్ తర్వాతికి పెట్టుకుంటే ఏ గొడవా లేదు. డైవ్ అయ్యాక కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, ఒంటి మీద మచ్చలు, లెక్కకు మించిన నీరసం కనబడితే ఆక్సిజన్ పెట్టించి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మళ్లీ నీళ్లలోకి దింపి సరిచేసే ప్రయత్నం చేయకూడదు. పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉందా అని డబ్బు కట్టేముందే అడగండి.

ఆరోగ్య ప్రశ్నపత్రంలో అన్నిటికీ ‘లేదు’ అని గీసేయడం కూడా మన దగ్గర బాగా ఉంది. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, మధుమేహం, చెవి ఆపరేషన్, ఊపిరితిత్తి కుంచించుకుపోయిన చరిత్ర ఉంటే డాక్టరు సంతకం కావాలి. గర్భిణులు అసలు దిగకూడదు.

మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు. స్కూబా కథనం వేసినప్పుడు అది పరిచయ డైవా, కోర్సా అన్నది ధర పక్కనే రాయండి. పర్యాటక శాఖ, నిర్వాహకులు పరిచయ డైవ్ టిక్కెట్టు మీద ‘ఇది శిక్షణ కాదు’ అని తెలుగులో అచ్చు వేయాలి. కోర్సు పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే చదవాల్సి వస్తోంది కాబట్టి, నీళ్లలోకి దిగేముందు చెప్పే సూచనలైనా తెలుగులో చెప్పే ఏర్పాటు ఉండాలి.

సెలవు తక్కువగా ఉన్నవాళ్లు పాఠాలు కుదించుకోనక్కర్లేదు, కోర్సును రెండు ముక్కలు చేసుకోవచ్చు. తరగతి, పూల్ పాఠాలు ఊళ్లో శని, ఆదివారాల్లో తీరిగ్గా పూర్తిచేసి, శిక్షకుడు సంతకం చేసిన రెఫరల్ పత్రం తీసుకుంటే, చివరి పాఠం అయిన 12 నెలల్లోపు అండమాన్‌లోనో గోవాలోనో నాలుగు సముద్ర డైవ్‌లు చేసి అర్హత కార్డు పొందవచ్చు. అమెరికాలో చెరువుల్లో, క్వారీల్లో నేర్చుకుని ఇక్కడికొచ్చి దిగే మనవాళ్లకూ కలిపి ఒక మాట: మంచినీళ్లలో కుదిరిన బరువు ఉప్పునీళ్లలో చాలదు. మనిషి, సామాను కలిపి 100 కిలోలుంటే సముద్రంలో సుమారు రెండున్నర కిలోలు అదనంగా కావాలి. సముద్రంలో పడవ మీద ఎంత తొందరపెట్టినా, పైన చెప్పిన ఐదు నిమిషాల బరువు పరీక్ష మళ్లీ చేయించుకున్నాకే దిగండి.

ఇట్లు,
ఒక డైవింగ్ శిక్షకుడు,
విశాఖపట్నం